మే నెలలో జనం లేని కొండల్లోకి వెళ్లాలంటే ఏ లోయను ఎంచుకోవాలి?

మల్కాజిగిరి_బాటసారి
రెండేళ్ల క్రితం డిసెంబరులో కేదార్‌కాంఠా వెళ్లాము. మా టెంటు గుమ్మంలో నిలబడి లెక్కపెడితే అరవై పైచిలుకు టెంట్లు కనిపించాయి. రాత్రి పదకొండు దాకా స్పీకరులో పాటలు మోగుతూనే ఉన్నాయి. శిఖరం మీద ఫొటో దిగడానికి వరుసలో నిలబడవలసి వచ్చింది. మంచు బాగుంది, కొండ బాగుంది, కానీ నేను వెతుక్కుంటూ వెళ్లిన నిశ్శబ్దం మాత్రం దొరకలేదు.

ఈసారి మే 15 తర్వాత నాకు పది, పదకొండు రోజులు సెలవు ఉంది. నేను, నా భార్య, మా బావమరిది, అతని స్నేహితుడు కలిసి వెళ్తున్నాము. అందరమూ ముప్పై, నలభై ఏళ్ల మధ్యవాళ్లమే. మా సామాను మేమే మోసుకోవాలని, మా వంట మేమే చేసుకోవాలని, రోజుకు పదిమందికి మించి మనుషులు ఎదురుపడని చోట నడవాలని మా కోరిక. హిమాచల్‌లోని హంప్టా కనుమ, ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్, లడఖ్‌లోని మార్ఖా లోయ, సిక్కింలోని గోయెచా లా కనుమ అనుకున్నాము. వీటిలో ఏది ఎంచుకోవాలో, ఇవి కాక ఇంకేమైనా ఉన్నాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సైనిక్‌పురి_కొండగాలి
హంప్టాను ఇప్పుడే కొట్టేయండి. 4,270 మీటర్ల ఆ కనుమ మీద మే నెలాఖరుకి కూడా మంచు దట్టంగా ఉంటుంది, మామూలుగా జూన్ మధ్యకు గానీ దారి తెరుచుకోదు. గోయెచా లాకు నడకే ఎనిమిది రోజులకు తగ్గదు, దానికి హైదరాబాదు నుంచి న్యూ జల్పాయ్‌గుడి దాకా రైలు ప్రయాణం కలిపితే మీ సెలవు సరిపోదు. పైగా మే చివరికి అక్కడ వానలు మొదలవుతాయి.

నల్లమల_నేస్తం
ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "అంత దూరం ఎందుకు, మన నల్లమల లేదా" అంటారు. నల్లమలలో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నవాడిగా నేనే ముందు చెబుతున్నాను, మే నెలలో అక్కడికి వెళ్లకండి. వాగులు ఎండిపోతాయి. అడవి అంటుకునే కాలం అది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంతంగా టెంటు వేసుకుని రాత్రి ఉండే వీలే లేదు. సలేశ్వరం దారి కూడా చైత్ర పౌర్ణమి జాతరకు ఆ కొద్దిరోజులే తెరుస్తారు. వానలు పడ్డాక ఫరహాబాద్ వైపు ఒక పగలు గడిపి రండి, అది వేరే సంగతి.

వనస్థలిపురం_వేణువు
తూర్పు కనుమల్లో పాడేరు దగ్గర జిందగడ ఉంది కదా, దాదాపు 1,680 మీటర్ల ఎత్తు. చల్లగానే ఉంటుందేమో.

నల్లమల_నేస్తం
రాత్రి చల్లగా ఉంటుంది, పగలు మాత్రం ఎండ మాడుస్తుంది. అది ఒక్క పూట నడక. పది రోజుల సెలవు పెట్టుకున్నవారికి చెప్పే చోటు కాదు.

ఊపిరి_తార్నాక
నేను వైద్యురాలిని, కొండలకు కూడా వెళ్తుంటాను కాబట్టి మార్ఖా గురించి ఒక మాట చెబుతాను. మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. లేహ్ 3,500 మీటర్లు. ఉదయం శంషాబాద్‌లో విమానం ఎక్కినవారు మధ్యాహ్నానికి మూడు వేల మీటర్లు పైకి చేరుతారు, శరీరానికి ఆ సంగతి అర్థమయ్యేసరికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ లేహ్‌లో ఊరికే కూర్చోవలసిందే. మార్ఖా చివర దాటవలసిన కోంగ్‌మారు లా కనుమ 5,200 మీటర్ల దాపున ఉంది. పది రోజుల్లో ఇదంతా ఇమిడించాలంటే తొందర తప్పదు, కొండ మీద ప్రాణాల మీదికి తెచ్చేది ఆ తొందరే.

ఏ చోటు ఎంచుకున్నా ఈ లెక్క మరవకండి. 3,000 మీటర్లు దాటాక నిన్న రాత్రి పడుకున్న చోటు కంటే ఈ రాత్రి 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదే ఎత్తులో ఆగాలి. పగలు ఎక్కువ ఎత్తుకు ఎక్కి సాయంత్రానికి దిగివచ్చి పడుకుంటే ఇబ్బంది తక్కువ. తలనొప్పితో పాటు వాంతులో, నిలబడితే తూలడమో కనిపిస్తే నేల మీద గీత గీసి, మడమ వేలికి ఆనేలా అడుగులో అడుగు వేస్తూ ఆ గీత మీద నడవమనండి. నడవలేకపోతే మెదడు వాచుతోందని అనుమానించి, అర్ధరాత్రయినా సరే వెంటనే కిందికి దింపాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్రను చాలామంది విటమిను మాత్రలా మింగేస్తున్నారు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తమ వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు.

సిరి_బోయిన్‌పల్లి
పైన తార్నాక వైద్యురాలు చెప్పిన మాట మాకు అనుభవమే. మూడేళ్ల క్రితం మనాలి పైన ఒక సరస్సుకు మా చెల్లెలు, నేను ఒక ట్రెక్కింగ్ సంస్థ ద్వారా వెళ్లాము. రెండో రాత్రి నుంచి చెల్లికి తలనొప్పి మొదలైంది. పొద్దున అన్నం వాసనకే కడుపులో తిప్పింది. వెంట వచ్చిన గైడు "అందరికీ ఇలాగే ఉంటుంది, ఇంకో రెండు గంటలు నడిస్తే సర్దుకుంటుంది" అని బలవంతపెట్టాడు. ఒకరు వెనక్కి వెళ్తే తోడుగా ఇంకో మనిషిని పంపాలి, వాళ్ల దగ్గర ఆ మనిషి లేడు. అసలు కారణం అదే. చెల్లి బూటు లేసు కట్టుకోవడానికి వంగి, ముడి ఎలా వేయాలో మర్చిపోయినట్టు ఆ తాడునే చూస్తూ ఉండిపోయింది. అది చూసి నేను ఇక ఎవరినీ అడగలేదు, సంచులు అక్కడే వదిలేసి దాని చేయి పట్టుకుని కిందికి దిగిపోయాను. ఆరువందల మీటర్లు దిగేసరికి మంచినీళ్లు అడిగింది, సాయంత్రానికి ఇడ్లీ ఉంటే బాగుండునంది. అప్పటిదాకా నేను ఏడవలేదు, ఆ మాట విన్నాక ఏడుపు వచ్చింది.

బాటసారి గారూ, ఎంత దూరమైనా వెళ్లండి. కానీ మీ నలుగురిలో ఎవరు ఆగుదామన్నా మిగతా ముగ్గురు మారుమాట లేకుండా ఆగాలని ఇంట్లో ఉన్నప్పుడే ఒప్పందం చేసుకోండి.

లోయదారి_నాచారం
ఏకాంతం అంటే ఎత్తు అనుకుని మనం మోసపోతున్నాం. కనుమలకు, శిఖరాలకు ఒక పేరు, ఒక అంకె ఉంటాయి, కాబట్టి జనమంతా అక్కడికే పోతారు. దాని పక్క లోయలో ఎవరూ ఉండరు. నేను ఏ చోటునైనా ఒకే ప్రశ్నతో కొలుస్తాను. ఇక్కడ కాలు విరిగితే రోడ్డు మీదికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది? నాలుగు గంటలైతే అది విహారం. ఒక పూర్తి రోజైతే మారుమూల. రెండు రోజులు దాటితే, అనుభవం లేనివారు సొంతంగా వెళ్లే చోటు కాదు.

ఆ కొలతతో చూస్తే మీ నాలుగింటిలో మిగిలేది హర్ కీ దూన్. డెహ్రాడూన్ రైల్వేస్టేషను దగ్గర పొద్దున్నే బస్సు ఎక్కితే పురోలా, మోరీ మీదుగా సాయంత్రానికి సాంక్రీ చేరుస్తుంది. దారిలో నైట్వార్ దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. రూపిన్, సూపిన్ నదులు కలిసి టోన్స్ నదిగా మారేది అక్కడే. తాలుకా అనే ఊరి నుంచి సూపిన్ వెంట నడక. గంగాడ్, ఓస్లా ఊళ్లలో దేవదారు చెక్కతో కట్టిన ఇళ్లు, వాగు నీళ్లతో తిరిగే పిండిమరలు చూస్తారు. హర్ కీ దూన్ దాదాపు 3,560 మీటర్లు, ఎదురుగా స్వర్గారోహిణి. పాండవులు స్వర్గానికి ఎక్కిన దారి అదేనని అక్కడివారి నమ్మకం.

అయితే మే నెలలో హర్ కీ దూన్‌కు కూడా బృందాలు వస్తాయి. ఓస్లా దాటాక దారి చీలుతుంది, జనం ఎడమకు పోతారు. మీరు కుడివైపు రుయిన్‌సారా తాల్ అనే సరస్సుకు వెళ్లండి. ఎత్తు ఇంచుమించు అంతే, జనం పదో వంతు కూడా ఉండరు. సరస్సు దగ్గర రెండు రాత్రులు ఉండి వచ్చిన దారినే తిరిగి రండి. దానికి పైన 4,950 మీటర్ల బాలీ కనుమ ఉంది, దాని జోలికి పోకండి.

వనస్థలిపురం_వేణువు
నాచారం వారి కొలత నాకు నచ్చింది, ఎంపిక మాత్రం నచ్చలేదు. ఎంత చీలిపోయినా సాంక్రీ ఇప్పుడు సంతలాగే ఉంటుంది. నేనైతే హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు అంటాను. 754 చదరపు కిలోమీటర్ల పార్కు, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, అయినా మన తెలుగువాళ్లలో దాని పేరు విన్నవారు తక్కువ. ఢిల్లీ నుంచి మనాలి వెళ్లే బస్సులో ఔట్ సొరంగం ముందే దిగిపోవాలి. అక్కడి నుంచి బంజార్ మీదుగా గుశైణి వెళ్లాలి. రోడ్డు ముగిశాక తీర్థన్ నది పక్కన నడక. పార్కు లోపల ఊరు లేదు, దుకాణం లేదు, మ్యాగీ కాచి ఇచ్చే గుడిసె కూడా లేదు. అనుమతి పత్రం తప్పనిసరి, సాయి రోపాలో ఇస్తారు.

మొదటి రాత్రి రోల్లా, దాదాపు 2,100 మీటర్లు. తర్వాత శిల్ట్, 3,100 దాకా. అక్కడి నుంచి రఖుండీ గుట్టకు పగటిపూట వెళ్లి రావచ్చు. నడక అయిదు రోజులు సరిపోతుంది. జూజురాణా అనే అరుదైన పక్షి, అదే పశ్చిమ ట్రాగోపాన్, ఆ అడవుల్లో ఉంటుంది. మే నెల దాని జతకట్టే కాలం.

లోయదారి_నాచారం
రోల్లా నుంచి శిల్ట్‌కు ఒక్కరోజులో వెయ్యి మీటర్ల ఎక్కుడు, అదీ వీపున పదిహేను కిలోలతో. దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

వనస్థలిపురం_వేణువు
నిజమే, చెప్పవలసింది. రోల్లాలో రెండు రాత్రులు ఉండి, రెండో రోజు ఖాళీ భుజాలతో సగం దూరం ఎక్కి దిగితే మూడో రోజు కాళ్లకు దారి తెలుస్తుంది. బరువు ఎవరిదైనా ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలే లెక్క.

డెన్వర్_దక్కనీ
మాది దిల్‌సుఖ్‌నగర్, ప్రస్తుతం ఉద్యోగం అమెరికాలో. ఇక్కడ వయోమింగ్ రాష్ట్రంలో విండ్ రివర్ కొండల్లో మూడుసార్లు సొంతంగా నడిచాను. వంద మైళ్ల పొడవున్న వరుస, లోపల ఊళ్లు ఉండవు, జూలై దాకా మంచు, ఆ తర్వాత దోమలు, ఆగస్టులో గానీ హాయిగా ఉండదు. ఎలుగుబంట్లకు అందకుండా తిండిని ప్రత్యేకమైన డబ్బాలో దాచాలి. అక్కడ వారం రోజులు మనిషిని చూడలేదు. ఆ అలవాటుతో నిరుడు మన హిమాలయాలకు వచ్చి ఎవరూ లేని కొండను వెతికాను, దొరకలేదు. ఎంత పైకి వెళ్లినా గొర్రెల మందతో ఒక గద్దీ కాపరి ఎదురయ్యాడు. మొదట నిరాశపడ్డాను. నాలుగో రోజు వడగళ్లలో టెంటు కర్ర విరిగినప్పుడు ఆ కాపరి రాతి గుడిసెలోనే తల దాచుకున్నాను, అతను మేకపాలతో టీ కాచి ఇచ్చాడు. మన కొండల్లో ఏకాంతం అంటే మనుషులు లేకపోవడం కాదని అప్పుడు తెలిసింది.

ఒక హెచ్చరిక. ఇక్కడ అందరూ నడుముకు తగిలించుకునే శాటిలైట్ మెసెంజరును, అనుమతి లేకుండా భారతదేశంలోకి తీసుకురాకూడదు. శాటిలైట్ ఫోనుకూ అదే చట్టం. విమానాశ్రయాల్లో విదేశీయులను అరెస్టు చేసిన సంఘటనలు ఉన్నాయి. ఇక్కడి బంధువులు ప్రేమగా కొని పంపుతామన్నా వద్దనండి.

సైనిక్‌పురి_కొండగాలి
అయితే ఆపద వస్తే కబురు పంపే సాధనం ఏదీ లేనట్టే. అందుకే నలుగురూ సొంతంగా వెళ్లాలన్న ఆలోచనను నేను ఒప్పుకోను. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ దారిలో మంచుతుపానులో చిక్కుకుని కర్ణాటక బృందంలో 9 మంది చనిపోయారు. వాళ్ల వెంట గైడ్లు ఉండి కూడా అలా జరిగింది. మీరు వెళ్లేది దానికి పది పదిహేను రోజుల ముందు, అదే కాలం. మే నెల కాబట్టి వాతావరణం మంచిగా ఉంటుందని అనుకోవద్దు. పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నం రెండింటికి వడగళ్లు పడతాయి.

మల్కాజిగిరి_బాటసారి
ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు, అందరివీ రెండేసిసార్లు చదివాను. మార్ఖా, గోయెచా లా, హంప్టా వదిలేశాము. రుయిన్‌సారా, తీర్థన్ మధ్య ఊగిసలాడుతున్నాము. గైడు సంగతిలో మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు. మా బరువు మేము మోయాలన్న కోరికలో డబ్బు ఆదా చేసే ఉద్దేశం లేదు. ఇంకొకరి వీపు మీద నా టెంటు ఎక్కించి నేను కెమెరా పట్టుకుని నడవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

వనస్థలిపురం_వేణువు
మీ మాటలో నిజాయితీ ఉంది, కానీ అవతలి వైపు నుంచి కూడా చూడండి. 1999లో ఆ పార్కును తుది నోటిఫికేషనుతో ప్రకటించాక చుట్టుపక్కల ఊళ్లవారికి లోపల గొర్రెలు మేపుకునే, మూలికలు ఏరుకునే హక్కులు పోయాయి. తరతరాల జీవనాధారం అది. గైడుగా, కూలీగా, వంటమనిషిగా పార్కులోకి వెళ్లడం వాళ్లకు మిగిలిన దారుల్లో ఒకటి. మీ టెంటు మీరే మోయండి, కానీ గుశైణి ఊరి మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఆ అడవిలో వాళ్ల తాతలు నడిచారు, ఇప్పుడు మీరు వెళ్తేనే వాళ్లకు అందులోకి వెళ్లే పని దొరుకుతుంది.

లోయదారి_నాచారం
ఈ ఒక్క కారణంతో నా ఓటు కూడా తీర్థన్‌కు మారుస్తున్నాను. రుయిన్‌సారా ఇంకో ఏడాది వెళ్లవచ్చు.

సిరి_బోయిన్‌పల్లి
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తు పెరిగే కొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, 4,000 మీటర్ల దగ్గర 87 డిగ్రీల లోపే. అన్నం పలుకుగా ఉండిపోతుంది, కందిపప్పు అసలే ఉడకదు, గ్యాసంతా దానికే అయిపోతుంది. మేము అటుకులు, వేయించిన రవ్వ, పెసరపప్పు పట్టుకెళ్తాము. పల్లీ పట్టీ మనిషికి రోజుకు రెండు. వేడి అటుకుల మీద కారప్పొడి, నెయ్యి వేసుకుంటే అలసట సగం పోతుంది.

నల్లమల_నేస్తం
చింతకాయ పచ్చడి చిన్న సీసా ఒకటి. ఆకలి చచ్చిపోయినప్పుడు నాలుకను లేపేది అదే.

ఊపిరి_తార్నాక
పచ్చడికి నా పూర్తి ఆమోదం ఉంది. ఆకలి లేకపోయినా తినడం, దాహం లేకపోయినా తాగడం అక్కడ అవసరం. గాజు సీసా మాత్రం వద్దు.

సైనిక్‌పురి_కొండగాలి
గ్యాసు డబ్బాలు విమానంలోనూ రైలులోనూ తీసుకెళ్లకూడదు. ఢిల్లీలో కొనుక్కోండి, లేదా గుశైణి గైడుతో ముందే మాట్లాడుకోండి. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

భువనగిరి_బండ
ఇంకా ఏడు వారాలు ఉన్నాయి కాబట్టి కాళ్లను సిద్ధం చేయండి. కేబీఆర్ పార్కు చుట్టూ నడవడం చాలదు, అది చదును. మౌలాలి గుట్ట మెట్లు మీకు దగ్గరే, వారానికి మూడుసార్లు పన్నెండు కిలోల సంచితో ఎక్కి దిగండి. దిగడమే ముఖ్యం, మోకాళ్లు పట్టేసేది అక్కడే. ఆదివారాలు ఎండ ఎక్కకముందే భువనగిరి కోటకు రండి. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మన నిజామాబాద్ అమ్మాయి మాలావత్ పూర్ణ మొదట సాధన చేసింది ఈ బండ మీదే. ఇక్కడ పొద్దున్నే తాడు పట్టుకుని నిలబడిన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

మల్కాజిగిరి_బాటసారి
నిర్ణయం అయిపోయింది. తీర్థన్ వెళ్తున్నాము. నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు ఉదయం ఢిల్లీ, ఆ రాత్రి బస్సు, మూడో రోజు గుశైణి. రోల్లాలో రెండు రాత్రులు, శిల్ట్‌లో రెండు, తిరుగుదారిలో రోల్లాలో ఇంకొకటి. వచ్చేటప్పుడు ఢిల్లీ నుంచి విమానం. గుశైణి మనిషి ఒకరు వెంట వస్తారు, ఆయన బరువు ఆయనది, మా బరువు మాది. సిరి గారు చెప్పిన ఒప్పందం రాత్రి భోజనాల దగ్గర నలుగురమూ చేసుకున్నాము. గ్యాసు బర్నరు ఒకటి తక్కువైంది, ఎవరి దగ్గరైనా ఉందా?

ఊపిరి_తార్నాక
నా దగ్గర ఉంది. ఏ రోజైనా సాయంత్రం ఆరు తర్వాత వచ్చి పట్టుకెళ్లండి.

మల్కాజిగిరి_బాటసారి
నిన్న రాత్రి తిరిగి వచ్చాము. శిల్ట్‌కు ఎక్కడానికి మాకు ఏడు గంటలు పట్టింది. మౌలాలి మెట్లు లేకపోతే పది పట్టేది. రఖుండీ పైదాకా వెళ్లలేదు. నీడపట్టున దారి మీద మంచు గడ్డకట్టి గాజులా ఉంది. పదకొండు గంటలకు నా భార్య "ఇక చాలు" అంది, మారుమాట లేకుండా వెనుదిరిగాము. గుడిసెకు చేరిన అరగంటకు వడగళ్లు మొదలై గంటన్నర పడ్డాయి, రేకు మీద ఆ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

మర్నాడు తెల్లవారకముందే గైడు గారు మమ్మల్ని లేపి బయట కూర్చోబెట్టారు. వెదురు పొదల్లోంచి తప్పిపోయిన మేకపిల్ల అరిచినట్టు ఒక అరుపు వినిపించింది. కాసేపటికి అవతలి వాలు నుంచి ఇంకొకటి జవాబిచ్చింది. "జూజురాణా" అని ఆయన మెల్లగా చెప్పారు. పక్షి కనిపించలేదు. వెలుగు వచ్చేదాకా నలుగురమూ అలాగే కూర్చున్నాము. అయిదు రోజుల్లో మాకు ఎదురైన మనుషులు మొత్తం ఏడుగురు.

తార్నాక డాక్టరు గారూ, బర్నరు శుభ్రం చేసి ఉంచాను, శనివారం తెచ్చి ఇస్తాను.

ఊపిరి_తార్నాక
దాన్ని మీ దగ్గరే ఉంచండి. సెప్టెంబరులో సిరి గారు, ఆవిడ చెల్లెలు తీర్థన్ వెళ్తారట, నేరుగా వాళ్లకే ఇవ్వండి. గైడు గారి ఊరి వివరాలు కూడా వాళ్లకు చెప్పండి.